మెట్ల కింది కుర్చీ

మేనేజరు గది. ఎదురుగా కంప్యూటర్ ముందు కూర్చున్నవాడు ఆఫీసులో గుమాస్తా, ఇంటికెళ్తే బావమరిది. హెడ్డాఫీసు ఇస్తున్న కొత్త ఉద్యోగానికి పేరు, జీతం, చోటు వీళ్ళే రాసి పంపాలి.

"‘అభ్యాస సాంకేతిక సారథి’. ఎలా ఉంది బావా?"

"రథం కూడా కొనాలా?"

"కంప్యూటర్లో పాఠాలు పెట్టి, ఆఫీసు మొత్తం చేత చదివించే ఉద్యోగం. పేరు కాస్త బరువుగా ఉంటేనే మాట వింటారు."

"ఇప్పుడు వింటున్నారా?"

"నువ్వే వినట్లేదు. నీ పాఠాలన్నీ నీ పేరు మీద నేనేగా చేసిపెడుతున్నది."

"నాకు తీరికేదిరా."

"పోనీ, ‘లెర్నింగ్ మేనేజర్’?"

"మేనేజర్ని నేనొకణ్ణి ఉన్నాగా."

"‘ఆఫీసర్’?"

"ఎక్కువైంది."

"‘ఇన్‌చార్జి’?"

"ఇన్‌చార్జి అంటే గది అడుగుతాడు."

"గది ఇవ్వవా?"

"మెట్ల కింద చోటుంది. చీపుళ్ళు తీయిస్తా."

"అక్కడ నిలబడితే తల తగులుద్ది బావా."

"కూర్చునే ఉద్యోగమేగా."

"అది కాదు బావా..."

"నాకు తెలుసురా. ఆ కుర్చీలో నువ్వు కూర్చుందామని చూస్తున్నావు."

"చూడకూడదా? ఎన్నాళ్ళని ఈ గుమాస్తాగిరీ?"

"కూర్చో. నేనే రాసి పంపిస్తా. కానీ పెళ్ళాం తమ్ముడికి పెద్ద పేరు, పెద్ద గది ఇచ్చుకున్నాడంటే నా ముఖం ఎక్కడ పెట్టుకోను? అందుకే చిన్నగా పెడదాం. ‘పాఠాల సహాయకుడు’. టైపు కొట్టు."

"మరీ సహాయకుడా?"

"సహాయకుడే. జీతం నీ జీతం కంటే ఓ మెట్టు పైన. ఎవడూ నోరెత్తడు."

"నీ జీతంలో సగం కూడా రాదు బావా."

"నా జీతంతో నీకేం పని? కొట్టు."

"ఇంకోసారి ఆలోచించు. వచ్చేవాడూ మనిషేగా."

"ఆలోచించా. మెట్ల కింద అని కూడా రాయి. హెడ్డాఫీసుకి పంపు."

"...పంపా."

"ఏమన్నారు?"

"ఉండు, వస్తోంది. ఆ... పేరు ఖాయం, జీతం ఖాయం, చోటు ఖాయం. మనిషిని మాత్రం వాళ్ళు ముందే ఎంచేశారట. పేరు కోసమే ఆగారట."

"ఎవర్నిరా?"

"మన ఆఫీసులో పాఠాలన్నీ పూర్తిచేసి, నూటికి నూరు తెచ్చుకున్నవాడు ఒక్కడేనట. అతన్నే."

"నువ్వేగా మరి. పొద్దస్తమానం ఆ పాఠాల మీదే ఉంటావు. ఏంట్రా, మొహం అలా పెట్టావు?"

"నావి చేసుకోడానికి నాకెక్కడ తీరిక బావా? ...చీపుళ్ళు ఇప్పుడే తీయించనా?"