ఈల మామ విగ్రహానికి గుడ్డ తీసేదెవరు

నాలుగు రోడ్ల కూడలిలో విగ్రహం గుడ్డ కప్పుకుని నిలబడి ఉంది. ఎదుటి టీ కొట్టు బెంచీ మీద హెడ్డుగారు కూర్చుని ఉన్నాడు. ఆ కూడలిలో హెడ్ కానిస్టేబులుగా ట్రాఫిక్ నడిపి, రిటైరై పదకొండేళ్లయినా, ఆ పిలుపు మాత్రం పోలేదు. ఆ బెంచీకి మూడు కాళ్లు, నాలుగో కాలు ఇటుక. ఆయన ఇటుక వైపే ఎందుకు కూర్చుంటాడన్నది వేరే కథ.

విగ్రహం ఈల మామది. మామకి ఉద్యోగం లేదు, ఇల్లు లేదు. బడి వదిలే వేళకి రోడ్డు మధ్యకొచ్చి, ఈలతో బళ్లు ఆపి, పిల్లల్ని దాటించేవాడు. అలా ముప్పై ఏళ్లు, పోయేదాకా. రేపే ఆవిష్కరణ. మామకి బాగా దగ్గరైనవాళ్ల చేత గుడ్డ తీయించాలని విగ్రహం కమిటీ అనుకుంది. ఆ పేరు రాసుకోవడానికే లెక్కల మాస్టారు కాగితం పట్టుకుని వచ్చాడు.

“నాకంటే దగ్గరివాళ్లు ఎవరున్నారు మాస్టారూ,” అన్నాడు హెడ్డుగారు. “ఎండ ముదిరితే నా గొడుగు కిందకే వచ్చేవాడు. నోట్లో రెండు వేళ్లు పెట్టి ఈల వేసేవాడే, విగ్రహం కూడా అలాగే చేశారట, అది నేర్పింది నేనే. వారం పట్టింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఒకరోజు బ్రేకులు పోయిన లారీ పల్లంలోకి దూసుకొస్తోంది, పిల్లలు రోడ్డు మధ్యన. మామ ఇటు, నేను అటు, ఇద్దరం కలిపి ఒక్క ఈల వేశాం. లారీ ఆగింది.”

“బ్రేకులు పోయాయన్నారుగా,” అన్నాడు టీ కొట్టాయన గ్లాసులు కడుగుతూ.

“అదేగా చెబుతున్నది, వినవయ్యా. లారీ వెనక బస్సు, బస్సు వెనక ఫైరింజను, అవతల స్టేషన్లో కదలబోయిన రైలు, అన్నీ ఆగాయి. ఎవరు ఊదారని వెతుక్కుంటూ గార్డు ఇక్కడిదాకా వచ్చాడు. ఈ బెంచీ మీదే టీ తాగాడు.”

“అప్పటికి మా కొట్టే లేదు.”

“మీ నాన్ననడుగు. అంతెందుకు, ఒకసారి వాన. మేమిద్దరం పైకి చూసి ఊదాం. పిల్లలు దాటిందాకా వాన అదిగో, ఆ కరెంటు తీగల ఎత్తున ఆగిపోయింది. ఆఖరి పిల్ల దాటాక చెయ్యి ఊపాం, పడింది.”

టీ తాగుతున్నవాళ్లందరూ నవ్వారు. మాస్టారు కలం మూత తీశాడు. హెడ్డుగారు నవ్వలేదు. మామూలుగా కోతలు కోస్తుంటే ఆయనకి ఒళ్లు తేలికయ్యేది. ఇవాళ ఎన్ని కోసినా తేలిక కాలేదు. అయినా ఆపలేదు, ఆపితే ఎవరైనా అసలు సంగతి అడుగుతారేమోనని.

కొట్టు పక్కన చెప్పులు కుట్టే ఆవిడ దారం పళ్లతో తెంపి, తలెత్తకుండానే అంది. “హెడ్డన్నా, మామకి మొదట్లో ఇత్తడి ఈల ఉండేది కదా.”

“ఉండేది,” అన్నాడు ఆయన మెల్లగా.

“నువ్వు చెయ్యి చూపిస్తే ఆగని బళ్లు ఆయన ఊదితే ఆగేవి. అది చూసి మీ పై ఆఫీసరు నవ్వాడని, పిల్లలందరి ముందూ మామ మెళ్లోంచి ఈల తాడుతో సహా లాగేశావు. మెడంతా గీరుకుపోయింది. ఆ మర్నాటి నుంచే వేళ్లు నోట్లో పెట్టుకున్నాడు. ఒకరకంగా నేర్పింది నువ్వేలే.”

టీ కొట్టాయన పంపు కట్టేశాడు. హెడ్డుగారు మాస్టారు మొహంలోకి చూడలేక తన చెప్పుల వైపు చూసుకున్నాడు.

“అప్పుడు… మామ ఏమన్నాడు?” పాతికేళ్లుగా అడగాలనుకుని అడగలేకపోయిన మాట అది.

“నేను మెడకి మందు రాస్తుంటే అన్నాడు. పాపం, ఆయన్ని పైవాళ్లు తిట్టి ఉంటారు, రేపట్నుంచి కాస్త దూరంగా నిలబడతాలే, అని. అంతే.”

మామ బూతులు తిట్టాడని చెప్పినా హెడ్డుగారు ఓర్చుకునేవాడు.

మాస్టారు కాగితం వైపు చూసి, “మరి… పేరు?” అన్నాడు.

“మా చెల్లెలి పేరు రాయండి,” అన్నాడు హెడ్డుగారు, ఆవిడ వైపు చెయ్యి చూపిస్తూ.

“రేపు మీరూ వస్తారుగా?”

“వస్తాను. వెనక నిలబడతాను. నన్ను మాత్రం మాట్లాడమని పిలవకండి మాస్టారూ. పిలిస్తే నా నోరు ఊరుకోదు.”