మాస్టారి క్లాసుకొచ్చిన చిరుత

నర్సీపట్నం ఆర్టీసీ బస్సు కాంప్లెక్స్ ఎదురుగా దేముడమ్మ టీ కొట్టు బెంచీ మీద మన్మథరావు మాస్టారు కూర్చున్నారంటే కృష్ణదేవిపేట ఆటోలు బేగి కదలవు. ఎక్కిన జనం కూడా దిగి మరీ వింటారు. ఆ ఆదివారం పొద్దున్న తాతబ్బాయి కూడా తన ఆటో పక్కన పెట్టేసి టీ గ్లాసు పట్టుకుని నిలబడ్డాడు.

లావణ్య వచ్చింది మాత్రం కథ కోసం కాదు, మాస్టారి పక్కనున్న ఆకుపచ్చ సంచి కోసం. కృష్ణదేవిపేట అవతల ఒక చిన్న ఊళ్ళో టీచరుగా కొత్తగా చేరింది. ఆమె చేరకముందు, అడవి జంతువుల గురించి పిల్లలకి ఎలా చెప్పాలో టీచర్లకి ట్రైనింగ్ పెట్టి తలా ఒక సంచి ఇచ్చారు. బొమ్మల కార్డులు, పోస్టర్లు, పక్షుల కూతలున్న పెన్ డ్రైవ్, అడుగుజాడల అచ్చు తీసే తెల్లపొడి ఉంటాయందులో.

"మా ఊరి జీడితోటలో ఏదో అడుగు కనబడిందండీ," అంది లావణ్య. "చిరుతే అంటున్నారు. అప్పట్నుంచి పిల్లల్ని బడికి పంపడం లేదు. ఇవాళ సాయంత్రం తోట చుట్టూ కరెంటు తీగ కట్టేస్తారట. ఏ పిల్లాడో తెలీక ముట్టుకుంటే ఏమవుతుంది? ఫోటో తీసుకొచ్చాను. మీరొకసారి చూస్తే..."

"సిరతా?" మాస్టారు ఫోన్ వైపు చూడనే లేదు. పంచె సర్దుకుని కాలు మీద కాలేసుకున్నారు. "సిరత సంగతి సరైన మనిషినే అడిగేవమ్మా. కూకో. దేముడమ్మా, టీచరమ్మకో టీ."

లావణ్య కూర్చుంది. సంచి ఒళ్ళో పెట్టుకుని జిప్పు తీసింది.

"ట్రైనింగు నుంచి వొచ్చిన మర్నాడే మొదలెట్టీసాను నాను. ఊరికే పెన్ డ్రైవ్ పెట్టి జెముడుకాకి కూత ఇనిపించాను పిల్లలకి. అదే, సింపుల్‌గా. కిటికీ అవతల మామిడిసెట్టు మీంచి నిజం జెముడుకాకి తిరిగి కూసింది. అంతే, పిల్లలు సప్పట్లు."

"అది జరగొచ్చులెండి," అన్నాడు తాతబ్బాయి.

"జరగొచ్చేటి, జరిగింది! మర్నాడు గోరింకల కూత పెట్టేను. గోరింకలొచ్చాయి, రామచిలకలొచ్చాయి, పాలపిట్టలొచ్చాయి, కిటికీ ఊచల మీద జాగా లేక ఫ్యాను రెక్కల మీద కూకున్నాయి, నాను హాజరు పిలుస్తుంటే రాని పిల్లల తరఫున చిలకలు 'ప్రెజెంట్ సార్' అనీసేవి. హెచ్చెమ్ గారు తల పట్టుకున్నారు. ఆ తర్వాత ఏటైందో తెలుసా?"

"ఏటైంది?" దేముడమ్మ పాలు పొంగుతున్న సంగతి కూడా మరిచిపోయింది.

"అలుగు పోస్టరు గోడకి తగిలించాను. అలుగంటే తెలుసు కదా, ఒంటినిండా పెంకులుంటాయి, చీమలూ చెదలూ తింటాది, ముట్టుకుంటే బంతిలాగ చుట్టుకుపోద్ది. మజ్జానం అలుగు వొచ్చీసింది! పోస్టరు ముందు నిలబడి తన బొమ్మని తనే సూసుకుంది. మెడ దగ్గర పెంకులు తక్కువేసారని అలిగి కూకుంటే, నానే సుద్దముక్కతో దిద్దేను. అప్పుడు నవ్వింది. నవ్వి, ఊరుకోలేదు, మా స్టాఫ్‌రూమ్ బీరువాకి పట్టిన చెదలన్నీ తినీసింది. హెచ్చెమ్ గారు దాన్ని అటెండరుగా ఉంచీమన్నారు."

"అది ఎక్కణ్ణించి వచ్చిందండీ?" అని అడిగింది లావణ్య. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. "పగలు తిరుగుతుందా? రాత్రే తిరుగుతుందని విన్నాను."

"పాఠం కోసం పగలొచ్చిందమ్మా," అని మాస్టారు దాటేశారు. "అలుగుదేముంది, గిరినాగు సంగతి ఇను. పాములు రైతుకి నేస్తాలు, ఎలకల్ని తింటాయి, కొట్టకండి అని నాను చెప్తుండగా గుమ్మంలో పడగెత్తి నిలబడింది. నా ఎత్తుంది. 'లోపలికి రావచ్చా' అన్నట్టు సూసింది. రమ్మన్నాను. ఒద్దికగా కూకుని పాఠం ఇన్నాది. గిరినాగు కూడా ఎలకల్నే తింటాదని నోరు జారితే బుస్సుమంది! అది తినేది పాముల్ని కదా. 'సారీ' అని దిద్దుకున్నాను. మజ్జానం భోజనాలకి పిల్లలు లైను తప్పకుండా తనే నేల మీద తిన్నగా పడుకుని గీతలాగ ఉండిపోయింది."

ఆటో దిగినవాళ్ళు పొట్టలు పట్టుకుని నవ్వారు. లావణ్య సంచిలోంచి కార్డుల కట్ట తీసింది. ఆమెకి టైము మీద ఉంది ధ్యాస.

"మరి చిరుతండీ?"

"అక్కడికే వొస్తున్నాను. ప్రేయర్ అయిపోయాక వొచ్చింది. ఆలస్యమైంది కాబట్టి బయట నిలబడమన్నాను. నిలబడింది! తర్వాత లోపలికొచ్చి ఆఖరి బెంచీలో ముందుకాళ్ళు మడిచి కూకుంది. పక్కనున్న గుంటడు భయపడితే తోకతో ఈపు నిమిరింది. కోడిగుడ్డు పెడితే తింది, పెంకు చెత్తబుట్టలో ఏసింది. ఎల్లిపోతుంటే, 'ఆగు, నీ గురుతుగా అడుగిచ్చి ఎల్లు' అన్నాను. తెల్లపొడి కలిపి పళ్ళెంలో పోస్తే, రేషను డిపోలో ముసలమ్మ వేలిముద్ర ఏసినట్టు పంజా పెట్టింది. అబ్బ, ఏం అచ్చమ్మా అది!"

"గోళ్ళు కూడా పడ్డాయాండీ అచ్చులో?"

"పడకపోడమేటి! నాలుగు వేళ్ళకీ నాలుగు గోళ్ళు, కోడికత్తుల్లాగ!"

చర్రుమని చప్పుడైంది. లావణ్య కార్డుల మీద ప్లాస్టిక్ కవరు చింపింది.

"అయ్యో, కొత్త కవరమ్మా, సింపీసేవేటి!" అనేశారు మాస్టారు.

తాతబ్బాయి గ్లాసు దించాడు. "కవరే తియ్యలేదా? మరి ఇన్నాళ్ళూ అలుగుకీ గిరినాగుకీ దేంతో సెప్పేరు మాస్టారూ పాఠాలు?"

లావణ్య ఆ మాట విన్నట్టే లేదు. చిరుత బొమ్మున్న కార్డు తిప్పి వెనకాల చదివింది. "నడిచేటప్పుడు చిరుత గోళ్ళు లోపలికి ముడుచుకుంటుంది. అందుకని అడుగులో గోళ్ళ గుర్తులు మామూలుగా కనబడవు. కుక్క అడుగులో కనబడతాయి."



"అయితే మాస్టారి క్లాసులో గుడ్డు తినీసింది కుక్కన్నమాట," అంది దేముడమ్మ.

కొట్టు ముందు నవ్వులు పేలాయి. మాస్టారి చెవులు ఎర్రబడ్డాయి. అప్పుడు మొదటిసారి ఫోన్ అందుకున్నారు. కళ్ళజోడు పెట్టుకుని ఫోటో పెద్దది చేశారు. తడిమట్టిలో అడుగు. నాలుగు వేళ్ళు. ప్రతి వేలు ముందూ సన్నగా గుచ్చుకున్న గుర్తు.

"గోళ్ళున్నాయమ్మా," అన్నారు మెల్లగా.

లావణ్య గబుక్కున వంగి చూసింది. ఊపిరి వదిలింది. "ఉన్నాయండీ! ఊళ్ళో అందరం చూశాం దీన్ని. ఎక్కడ చూడాలో తెలీలేదు మాకు." ఆ ఫోటో అక్కడికక్కడే ఫారెస్టు వాళ్ళకి పంపింది. తర్వాత మాస్టారి వైపు తిరిగింది.

"మీరు కూడా రండి మాస్టారూ. వాళ్ళొచ్చి చూసేదాకా తీగ కట్టకుండా ఆపాలి. నిన్నగాక మొన్న వచ్చినదాన్ని, నా మాట ఎవరూ వినరు. మీరు నోరు తెరిస్తే ఆటోలే ఆగిపోతున్నాయి. కానీ ఉన్నదున్నట్టే చెప్పాలి. చిరుత బెంచీలో కూర్చుందన్నారంటే తీగ రెండు వరసలు కడతారు."

మాస్టారు లేచారు. ఎవరి మొహమూ చూడకుండా సంచి భుజాన వేసుకుని ఆటో ముందు సీట్లో కూర్చున్నారు.

"తాతబ్బాయ్, బేగి పోనీ. పదమ్మా లావణ్యా, నీకు భయం వొద్దు. నా నోట ఉన్నదానికి అక్షరం ఎక్కువ రాదు. నా జన్మలో ఎప్పుడూ రాలేదు!"

"ఓలమ్మో," అంది దేముడమ్మ గ్లాసులు ఏరుతూ, "పొద్దున్నించీ కోసిన కోతలన్నీ ఒక ఎత్తు, ఇదొక్కటీ ఒక ఎత్తు."