మా జాయ్స్ చదివిన కేసు

కాదు హెడ్డు బాబూ, మీరే సెప్పండి. నన్ను జైల్లో ఏసినోరు మీరు. మీరైనా ఎప్పుడైనా నన్ను అంత మాటన్నారేటి?

కుర్చీ ఒద్దు బాబూ, ఇలా గుమ్మంలోనే కూకుంటాను. కశింకోట నుంచి ఆటోలో ఏలాడతా వచ్చేను. ఎక్సైజు హెడ్డు త్రినాధరావు గారు రిటైరైపోయి అనకాపల్లిలోనే ఉన్నారని మా చర్చి ఫాదరు గారు సెప్పేరు.

మా జాయ్స్ లేదూ, మా తమ్ముడు రత్నరాజు కూతురు! యూనివర్సిటీలో నేరాల సదువు సదువుతోంది బాబూ. క్రిమినాలజీ అంట, సోషియాలజీ అంట. దొంగోళ్ళు ఎందుకు దొంగోళ్ళయ్యేరో అదంతా పుస్తకాల్లో ఉంటాదంట. నేనూ ఎంత మురిసిపోయేనో! పక్కన కూకుని "అత్తా, సారా కేసులో నిన్నెలా పట్టుకున్నారు?" అనడిగితే, పొయ్యి మీద కూర మాడిపోతన్నా సెప్పేను. అన్నీ సెప్పేను గానీ ఆ ఒక్కటీ సెప్పలేదు. అది మీకు తెలుసు కదా.

మొన్న సెమినారన్నారు, ఇంటోళ్ళనీ రమ్మన్నారు. కొత్త సీర కట్టుకునెళ్ళేను. జాయ్స్ నా కేసు ఇంగిలీసులో సదివినా బాగుణ్ణు, ఒక్క ముక్క నాకెక్కేది కాదు. ఆళ్ళ సారు తెలుగులో సెప్పమన్నారు.

నా పేరు మార్చీసింది బాబూ. జ్ఞానస్నానంలో ఎట్టిన లూర్దు మేరీ పోయి తలుపులమ్మనైపోయేను! అసలు పేర్లు సెప్పకూడదని రూలంట. పోనీలే. "ఈ తలుపులమ్మ డబ్బాశకి నాటుసారా కాసింది, ఇలాటోళ్ళ ఇంట్లో పిల్లల్ని ఉంచకూడదు" అంది. దాని తలకి నూనె రాసి జడలేసిన సేతులు బాబూ ఇయ్యి!

పిల్లకేటి తెలుసు? నా ఏడుపు అది కాదు. నా పక్క కుర్చీలో మా తమ్ముడు కూకున్నాడు. సారా బట్టీ ఎవుడిది? మద్యనిషేధం రోజుల్లో మీరు రెయిడుకొచ్చినప్పుడు చెరకు తోటలోకి దూకినోడి ఈపు మీరు సూడలేదేటి? సూసేరు. మా మరదలు పోయి ఏడాది తిరగలేదు, పిల్లకి తండ్రి కూడా దూరమైతే ఎలాగని "బట్టీ నాదే" అన్నాను. మీరు నా మొకం కేసి కాసేపు సూసి, సరే నడవమన్నారు.

జైలు నుంచొచ్చినాక ఆడు నా కాళ్ళు పట్టుకుని ఏడిసేడు. "అక్కా, పిల్ల పెద్దదైనాక నేనే సెప్తాను" అని మాటిచ్చేడు. ఇప్పుడు చర్చి కమిటీలో పెద్దమనిషి కదా! కూతురు అలా అంటుంటే ఏం సేసేడో తెలుసా? సప్పట్లు కొట్టేడు బాబూ. అందరికన్నా ముందు కొట్టేడు.

రేపు జాయ్స్ మీ దగ్గిరికే వత్తాదంట, కేసు గురించి అడగడానికి. బట్టీ నాదేనని సెప్పండని మిమ్మల్ని బతిమాలుకుందారనే బయల్దేరేను. ఆటో ఎక్కినప్పుడు కూడా అదే అనుకున్నాను.

ఒద్దు బాబూ. ఉన్నది ఉన్నట్టు సెప్పీండి.

అలా సూడకండి. తట్టుకోలేదంటారా? ఏడుత్తాదా? ఏడవనీండి. ఓదార్చడానికి కన్నతండ్రున్నాడు కదా. ఈమాటు నేను దగ్గిరికెళ్ళను.