వెనకగాలిన వెళ్లినవాడు

జనవరి నెల, మధ్యాహ్నం రెండు గంటలు. నెదర్లాండ్స్‌లోని ఫ్రీస్‌లాండ్ తీరాన సముద్రపు కట్ట మీద, ఎముకలు కొరికే చలిలో రెండు సైకిళ్లు: ముందు హిస్కె, వెనక ఆమె మరిది యెల్లె.

“మెల్లగా వదినా, మెల్లగా. ఎవరో తరుముతున్నట్టు ఏమిటా తొక్కుడు?”

“నేను తొక్కుతుంటేగా. పెడల్ మీద కాళ్లు పెట్టి కూర్చున్నానంతే. గాలే తోస్తోంది.”

“అదే అంటున్నా. ఇప్పుడు హాయిగానే ఉంటుంది. తిరుగు దారిలో పదహారు కిలోమీటర్లు ఇదే గాలి మొహాన కొడుతుంటే అప్పుడు తెలుస్తుంది. ముందు ఎదురుగాలికి పోదాం, అలిసిపోయాక అదే మనల్ని ఇంటికి తోసుకొస్తుందని చెప్పానా లేదా?”

“చెప్పావు. మీ అమ్మ మీకు చెప్పింది, మా అమ్మ మాకు చెప్పింది. ఈ తీరాన సైకిలెక్కిన ప్రతి పిల్లకీ మొదట చెప్పేది అదే.”

“మరి తెలిసి తెలిసి...”

“మీ అన్న ఇటే వచ్చాడు గనక. డౌవె పోయి ఇవాళ్టికి ఏడాది. ఆ రోజూ ఇదే గాలి.”

“అదంతా ఇప్పుడెందుకు వదినా. గొర్రెల గేటు వస్తోంది, దిగు. గొర్రెల పెంటలో చక్రం జారుతుంది.”

“గేటు నేను తీస్తాలే. నేను అడిగేదానికి నువ్వు జవాబు చెప్పు.”

“నువ్వింకా ఏమీ అడగలేదుగా.”

“అడుగుతా. నీళ్లు తోడే పంపు గది దాకా రానీ.”

“అడగడానికేముంది? ఆ రోజు కట్ట కింద సముద్రం పక్క దారి అద్దంలా గడ్డకట్టి ఉంది. సముద్రం పోటు మీదుంది. జారి నీళ్లలో పడ్డాడు. పోలీసులు అదే రాశారు, పాస్టరుగారూ అదే అన్నారు.”

“పోలీసాయన పట్నం మనిషి, గాలి సంగతి ఆయనకేం తెలుసు. ఊళ్లోవాళ్లకి తెలుసు. రొట్టెల కొట్టులో నేను అడుగుపెడితే మాటలు ఆగిపోతాయి. జనవరిలో, ఒంటరిగా, వెనకగాలిన వెళ్లినవాడు తిరిగొద్దామని వెళ్లలేదనేగా వాళ్ల ఉద్దేశం. ఫోను కూడా వంటింటి బల్ల మీదే వదిలేసి వెళ్లాడు.”

“ఎవరో ఏదో అనుకుంటే నువ్వు...”

“నేనూ అదే అనుకున్నాను యెల్లె. కిటికీలోంచి చూశాను. వీధి చివర కుడివైపు తిరిగాడు, గాలితో పాటే. చూస్తూ నిలబడ్డాను. పిలిస్తే వినపడేంత దూరంలోనే ఉన్నాడు. పిలవలేదు.”

“నీకేం తెలుసు పాపం.”

“పొద్దున నేనన్న మాట నాకు తెలుసు. న్యుమోనియా తగ్గి మూడు వారాలైనా దుప్పటి కిందనుంచి రాడు. ఈ ఇంట్లో నేనూ ఓ మంచమూ కాపురం చేస్తున్నాం అన్నాను. ఆ మధ్యాహ్నమే సైకిలు తీశాడు.”

“కోపంలో ఎవరైనా అంటారు.”

“ఆ సాయంత్రం నీంకె ఒకే ఒక్క మాట అడిగింది. అమ్మా, నాన్న ఎటు తిరిగాడు అని. చెప్పాను. పదిహేనేళ్ల పిల్ల, ఇంకేం అడుగుతుంది? ఆ రోజునుంచి సైకిలు ముట్టుకోలేదు. ఎండైనా వానైనా బడికి నడిచే పోతోంది. నాతో ఎంత అవసరమో అంతే మాట్లాడుతుంది.”

“పంపు గది వచ్చేసింది. ఈ గోడ చాటుకి రా, ఇక్కడ గాలి తగలదు. కాఫీ తెచ్చావా?”

“సంచీలో ఉంది, పోసుకో. సైకిలు నీకు ఎక్కడ దొరికింది?”

“తెలుసుగా నీకు. కట్టకి సముద్రం వైపు. మనం ఇప్పుడే దాటొచ్చాం, ఇక్కడికో కిలోమీటరు.”

“పడి ఉందా, ఆనించి ఉందా?”

“పడి ఉంది. నేనే లేపి నిలబెట్టాను.”

“హ్యాండిల్ ఎటు తిరిగి ఉంది?”

“గుర్తులేదు.”

“డెబ్బై ఆవులున్నాయి నీకు. ఏది ఏ రోజు ఈనిందో నిద్రలో లేపి అడిగినా చెప్తావు.”

“చీకటి పడుతోంది, కంగారులో ఉన్నాను...”

“ఎటు తిరిగి ఉంది?”

“కాఫీ చల్లారిపోతోంది వదినా.”

“యెల్లె.”

“ఈ గాలిలో నువ్వు వెనక్కి తొక్కలేవు. మా ఆవిడకి ఫోన్ చేస్తానుండు. వ్యాన్ తీసుకొస్తుంది. సైకిళ్లు రెండూ వెనక పడేసుకుని...”

“ఏమన్నావు?”

“వ్యాన్ అన్నాను. ఏం?”

“వ్యాన్ వస్తుందంటే ఎవరైనా వెనకగాలినే బయల్దేరతారు. ఒంట్లో ఓపిక లేనివాడైతే మరీను. ఆ కప్పు కింద పెట్టు. పెట్టి ఇటు చూడు. డౌవె నిన్ను వ్యాన్ తెమ్మన్నాడా?”

“మూడింటికి.”

“ఎప్పుడు చెప్పాడు?”

“పొద్దున ఆవుల పాకలోకి వచ్చాడు. ఎదురుగాలి తొక్కే ఓపిక లేదురా, వెళ్లడం వరకూ వెళ్తాను, పంపు గది దగ్గర నన్ను ఎక్కించుకో అన్నాడు. ఊరి మొదట్లో దించెయ్, మీ వదిన నేను అంతా తొక్కే వచ్చాననుకోవాలి అన్నాడు. నవ్వాడు కూడా.”

“నవ్వాడా.”

“నవ్వాడు.”

“మూడింటికి నువ్వెక్కడున్నావు?”

“టీవీ ముందు. స్కేటింగ్ పోటీ వస్తోంది, పదివేల మీటర్లు. ఆఖరి జత, పదమూడు నిమిషాలేగా అనుకున్నాను. తర్వాత పతకాలు ఇస్తుంటే అదీ చూశాను. ఇక్కడికి వచ్చేసరికి నాలుగు. ఎవరూ లేరు. నువ్వు నిలబడ్డ చోటే మంచులో అన్న అడుగులు, అటూ ఇటూ, అటూ ఇటూ. చలికి తిరుగుతూ చూసి చూసి వెళ్లినట్టున్నాడు.”

“హ్యాండిల్.”

“ఇంటివైపు వదినా. ఇంటివైపే తిరిగి ఉంది.”

“ఇంటికొస్తున్నాడు.”

“ఇంటికే వస్తున్నాడు.”

“ఏడాది, యెల్లె. ఏడాదిగా నేను అద్దంలో నా మొహం సరిగ్గా చూసుకోలేదు. ఆ రోజే ఎందుకు చెప్పలేదు?”

“చెప్పడానికే మీ ఇంటికి వచ్చాను. నువ్వు వంటింట్లో నేల మీద కూర్చుని, నా మాట వల్లే పోయాడు, నేనే చంపుకున్నాను అని తల బాదుకుంటున్నావు. మాట నోటిదాకా వచ్చింది. అది వినగానే ఆగిపోయాను. ఎవరూ నన్ను అడగరని తెలిసి నాకు ప్రాణం తేలికపడింది. ఏదో ఒకటి అను వదినా. పోనీ కొట్టు.”

“ఫోను జేబులో పెట్టు. సైకిలెక్కు.”

“ఈ గాలిలోనా?”

“ఈ గాలిలోనే. ముందు నువ్వు తొక్కు. నాలుగున్నరకి నీంకె బడి నుంచి నడిచొస్తుంది. వాళ్ల నాన్న చివరికి ఎటు తిరిగాడో దానికి నువ్వు చెప్పాలి.”