నేను చదును చేసిన అద్దం

“తాతా, ఎల్లుండి బెంగుళూరులో ఇంటర్వ్యూ. నక్షత్రాల మీద రీసెర్చి చెయ్యాలంటే మనిషికి ఏమేమి రావాలి అని అడుగుతారంట. నువ్వైతే ఏం చెప్తావు?”

రికార్డు చేస్తాండావు గదా, ఆ ఫోను ఇట్ల దగ్గరికి జరుపు. నా దగ్గు కూడా పడతది దాంట్లో, పడనీ. లెక్కలు రావాల, కంప్యూటరు రావాల, ఇంగ్లీషులో రాసేది రావాల అని నువ్వే చదివినావు గదా పొద్దున, అయ్యన్నీ నీకు వచ్చు. ఐదో తరగతి చదివినోణ్ణి, నన్ను అడుగుతాండావు సూడు. అయినా అడిగినావు కాబట్టి చెప్తా. టెలిస్కోపు అద్దం అరగదీసిన చెయ్యి ఇది. నవ్వొద్దు. మీ అమ్మకు కూడా సరిగ్గా తెలీదు ఈ సంగతి, అప్పటికి అది మీ అవ్వ చంకలో ఉండె.

అప్పుడు నేను మార్కాపురంలో పలకల ఫ్యాక్టరీలో నునుపు పట్టే పని చేస్తాంటి. గని కాణ్ణుంచి రాయి వస్తది, దాన్ని పొరలు పొరలుగా చీల్చి, కోసి మాకిస్తే మేము రుద్దేది. టీ పావలా ఆ దినాల్లో. కాదు కాదు, పావలా మా పెండ్లి నాటికి, అప్పటికి టీకొట్టోడు అర్ధ రూపాయి చేసినాడు. సరే, అది పోనీ. పలకకి ముఖ్యం ఏంది? చదును. ఇనప బద్ద అడ్డంగా ఆనించి వెలుతురుకి పట్టి చూస్తే, కింద సన్న గీతంత వెలుగు కూడా కనపడగూడదు. కనపడిందా, అది గుంట పలక, పక్కన పారేసేదే. మేస్త్రీ నా పలకల కాడికి వచ్చేసరికి బద్ద చంకలో పెట్టుకోని ముందుకు పోయేటోడు, చూసే పనే లేదని. అంత పేరు నాకు.

ఆ పేరు విని వచ్చినాడు ఫిజిక్స్ సారు. కాలేజీలో కొత్తగా చేరిన లెక్చరరు. దొనకొండ పక్క పల్లె, గొర్రెలు కాసుకునే ఇంట్లో పుట్టి, వాళ్లల్లో మొదట చదువుకున్నోడు ఆయనే. బక్కమనిషి, జేబులో మూడు పెన్నులు. టెలిస్కోపు కొనేదానికి కాలేజీలో డబ్బుల్లేవు, మనమే చేద్దాం అన్నాడు. సంచిలోనుంచి రెండు గాజు బిళ్లలు తీసినాడు. జొన్నరొట్టె అంత ఉంటాయి, మందం నా బొటనవేలంత. ఒక డ్రమ్ము మీద ఒకదానిపైన ఒకటి పెట్టి, మధ్యలో గరుకు పొడీ నీళ్లూ పోసి, డ్రమ్ము చుట్టూ తిరుగుతా రుద్దాల. పైది అద్దం అయితది, కిందిది ఊరికే తోడు. గరుకు పొడి అయినాక సన్న పొడి, అదైనాక ఇంకా సన్నం. పొడి మార్చినప్పుడల్లా చేతులు, గోళ్లు, డ్రమ్ము, కట్టుకున్న గుడ్డ, అన్నీ కడగాల. ఒక్క గరుకు నలుసు మిగిలిందా, చేసిన పనంతా గీతలే. నాకు తెలిసిన పనే గదా, సారుకి నా చెయ్యి నచ్చింది.

అట్ల చూస్తాండావేంది, కూలి ఇచ్చినాడా అనా? ఇయ్యలే. నేను అడగలే. శ్రమ దోపిడీ అంటావు నువ్వు, నాకు తెలుసు. ఆదివారం పూట వాళ్లింటి వెనక షెడ్డులో పనిచేస్తే సారు భార్య ఉప్మా పెట్టేది. దోపిడీ అయితే ఉప్మాలో జీడిపప్పు ఎందుకేస్తది, చెప్పు.

ఇంక అసలు సంగతికి వస్తా. సారు రెండు వారాలు ఏదో ట్రైనింగుకు పోయినాడు. షెడ్డు తాళం నా చేతికిచ్చి, సన్న పొడితో రుద్దుతా ఉండు అని చెప్పి పోయినాడు. ఒకనాడు సాయంత్రం నేను ఊరకుండక, అలవాటు గదా, బద్ద తీసి ఆ గాజు మీద ఆనించినా. కింద వెలుగు. మధ్యలో గుంట. ఇన్నేండ్ల పనిలో నా చేతికింద గుంట పడిందే లేదు, సారు గాజును పాడు చేసినానే అనుకున్నా. ఎప్పుడైనా పైనుండేది మధ్యలో అరుగుతది, కిందుండేది అంచుల్లో అరుగుతది. అది ఎరుకే నాకు. అందుకని పైదాన్ని కిందికి, కిందిదాన్ని పైకి మార్చేసినా. ఫ్యాక్టరీ పని అయినాక నేరుగా షెడ్డుకే పోయి, సారు వచ్చేలోపల చదును చేసి పెట్టినా. బద్ద పెడితే వెంట్రుకంత వెలుగు లేదు. అట్లాంటి చదును నా జన్మలో మళ్లీ పట్టలే.

సారు వచ్చినాడు. గాజును ఎండలోకి తెచ్చి, తడిపి, సూర్యుణ్ణి దాంట్లో పట్టి గోడ మీదికి కొట్టినాడు. శనగగింజంత చుక్కగా పడాల అంట. పడింది రొట్టెంత. ఎనక్కి పోయినాడు, ముందుకు వచ్చినాడు, అదే రొట్టె. “మధ్యలో గుంట ఉంటేనే గదా వెలుతురు ఒకచోటికి చేరేది, నా లెక్క ప్రకారం ఈపాటికి ఎంతో కొంత గుంట పడాల” అని తనలో తనే అనుకుంటాండాడు. అప్పుడు తెలిసింది నాకు. టెలిస్కోపు అద్దం అంటేనే గుంట అద్దం. ఆయనకు అది చెప్పాల్సిన మాట అనిపించలే. నాకు అది అడగాల్సిన మాట అనిపించలే.

చెప్పినానా? లేదు. మూడు దినాలు నోరు మూసుకున్నా. ఆయన నన్ను రవ్వంత కూడా అనుమానించలే పాపా, అదీ నన్ను చంపింది. నీ చెయ్యి తప్పు పోదు, నా లెక్కే ఎక్కడో పోయింది అన్నాడు. నేనిచ్చిన పలకల మీదనే లెక్కలేసేది, తుడిచేది, మళ్లీ వేసేది. తిండి కూడా సరిగ్గా తినలే. మూడోనాడు అన్నాడు, “ఈ విద్య నాకు రాదేమో. రేపు ప్రిన్సిపాలుకు చెప్పి మానుకుంటా.”

ఇంటికొచ్చి మీ అవ్వకు చెప్పినా. ఆమె సంగటి పెడతా పెడతా, తలకాయ కూడా ఎత్తకుండా, గుంట పలకను బాగుందని అంటగట్టే మనిషివి కాదు గదా నువ్వు అనింది. అంతే.

తెల్లారి ఆయన కాలేజీకి బయల్దేరక ముందే పోయినా. “సార్, మీ లెక్క సరిగ్గానే ఉంది. గుంట పడింది. నేనే చదును చేసినా” అన్నా. ఆయన నన్ను చూసినాడు, గాజును చూసినాడు. తర్వాత నవ్వినాడు సూడు, ఆయమ్మ గరిటెతో సహా వంటింట్లోనుంచి పరిగెత్తుకొచ్చింది. తన లెక్క తప్పు కాదని ఆయనకు సంబరం. నవ్వి నవ్వి కండ్లు తుడుచుకోని, దినదినమూ పని రాసుకునే నోటుబుక్కు తీసి, ఇన్ని దినాలు పని తిరగబడింది, కారణం ఇదీ అని రాసినాడు. ఇది కూడా రాయాలా సార్ అంటే, ఇదే ముందు రాయాల, ఇంకొకడు ఈ తప్పు చెయ్యకుండా అన్నాడు. మూడు దినాలు నేను నోరు మూసుకున్నది మాత్రం రాయలే. అది నాకే వదిలేసినాడు.

మళ్లీ మొదట్నుంచి రుద్దినాం. వెండి పూత వేయించి, గొట్టంలో బిగించి, ఒకనాడు పొద్దుగూకంగానే చందమామను చూపించినాడు. పలకల ఫ్యాక్టరీ ఆడోళ్లంతా వరసలో నిలబడినారు. చందమామ నున్నగా ఉంటదనుకున్నా నేను. చూస్తే మన గనే! అన్నీ గుంటలే. బద్ద పెడితే ఒక్కచోట ఆనదు.

ఇంక నీ సంగతి. మీ అమ్మ చెప్పిందిలే. ఏదో నక్షత్రం వెలుగు ఎక్కేది దిగేది నువ్వు లెక్కగట్టి ఆ ఇంటర్వ్యూ వాళ్లకు రిపోర్టు పంపినావంట, పంపినాక చూస్తే దాంట్లో నీదే తప్పంట. చెప్తే సీటు పోతదని నీకు భయం, చెప్పకుంటే ఎవరికీ తెలీదని నీ స్నేహితురాలి మాట. నీ గదిలో గోడకు ఎర్ర అక్షరాలతో అంటించుకున్నావు గదా, ప్రశ్నించనిదే దేన్నీ నమ్మకు అని. మంచి మాటే. ప్రిన్సిపాల్ని ప్రశ్నించినావు, ఎమ్మార్వోని ప్రశ్నించినావు, పలకల దుమ్ముతో వచ్చిన ఈ దగ్గుకి ఫ్యాక్టరీ మీద కేసెందుకు ఎయ్యలేదని నన్నూ నిలబెట్టి అడిగినావు. అడగాల్సిందే. అయితే ఆ బద్ద ఒకసారి నీ పలక మీద కూడా... సరే, నేను చెప్పేది ఏముందిలే.

సీటు పోతదేమో. పోదని నేను చెప్పలేను తల్లీ. మా సారు నవ్వినాడని అందరూ నవ్వరు.

పోయి ఆ నిమ్మకాయ ఊరగాయ జాడీ మీది మూత తీసుకురా. ఆ, అదే. అద్దానికి తోడు బిళ్ల. సారు బదిలీ అయి పోతా పోతా నాకిచ్చినాడు. చేత్తో తడిమి చూడు, పొంగినట్టు ఉండాది గదా? ఇది ఎంత పొంగిందో అద్దంలో అంత గుంట. నీ బ్యాగులో పెట్టుకో. వాసన పోయేదాకా కడుగు ముందు.

ఏమన్నావు? గట్టిగా చెప్పు, చెవుల్ని ఫ్యాక్టరీ మోత తినేసింది.

వాళ్లు అడగకముందే చెప్తావా?

మంచిది నాయనా. వెయ్యి తప్పులు చేసినా ఒక్కటి కూడా దాచుకునే అవసరం రాని బతుకు నీకు దొరకాల. పో, బట్టలు సర్దుకో. పోతా పోతా ఆ జాడీ మీద పలక ఒకటి మూసి పో, చీమలు పడతాయి. చదునుగా ఉండేది చూసి మూయి.