జంబో చక్రాల చాటున

"మామ్మా, ముందుగదిలో బల్లమీదున్న విమానం తాతయ్యే చేసేడంట కదా? ఇదిగో, ఫోను ఆన్ చేసేను. మొత్తం చెప్పు."

పడుద్దా అందులో నా గొంతు? సరే... మీ తాతే, మా అన్నయ్యే చేసేడమ్మా. చేతులు మీ తాతవి, బుర్ర సూర్యం బావది. సూర్యం బావంటే నీకు తెలీదులే. మా మేనత్త కొడుకు. నేను పుట్టగానే ఇది సూర్యానికే అనేసుకున్నారు పెద్దోళ్ళు. అప్పట్లో అలాగే గదా. పరికిణీలు కట్టే వయసు నుంచీ వీధిలో అందరూ నన్ను సూర్యం పెళ్ళావనే పిలిచేవోరు. పైకి విసుక్కునేదాన్ని గానీ, లోపల బాగానే ఉండేది. అబద్ధం ఎందుకు.

బావ కాకినాడలో ఐటీఐ చదివేడు... కాదు కాదు, రాజమండ్రిలో. చదివి బొంబాయి ఎల్లేడు. విమానాలు రిపేరు చేసే షెడ్డులో పని. అప్పుడే ఈ జంబోలు కొత్తగా వొచ్చేయంట. నాలుగు ఇంజన్లు, ముందు ఎద్దు మూపురంలాగ లేచి, ఆ మూపురంలో ఓ మేడగది. ఓసారి సెలవుకొచ్చినప్పుడు మా వాకిట్లో ముగ్గుపిండితో గీసి చూపించేడు. అమ్మ తిట్టింది, పిండంతా పాడుచేసేడని.

ముహూర్తం పెట్టేసేరు. బట్టలు కొనేసేరు. బావ రాలేదు. కబురూ లేదు. రేపొస్తాడు, ఎల్లుండొస్తాడు అనుకుంటుండగానే ముహూర్తం దాటిపోయింది. నాన్న బొంబాయి బయల్దేరేడు. ఇప్పట్లా వంతెనలెక్కడివి? రేవు దాటాలి, బస్సెక్కాలి, రాజమండ్రిలో రైలెక్కాలి. దారిఖర్చుకి చూడిగేదెని అమ్మేడు. మంచి గేదె, పిల్లలు తోక పట్టుకున్నా కదిలేది కాదు... సర్లే, గేదె సంగతెందుకిప్పుడు. నాన్నకి హిందీ ముక్క రాదు. అలాగే ఎల్లేడు, ఒక్కడే తిరిగొచ్చేడు.

"వాడు కనపళ్ళేదు," అన్నాడు. అంతే. అమ్మ ఎన్ని అడిగినా ఇంకోమాట చెప్పలేదు. విమానం మాత్రం చూసేనన్నాడు, గేటు కాడి నుంచి. "మన వీధంత ఉందే అది," అన్నాడు. ఆ తర్వాత మనిషి చిక్కిపోయేడు. ఏడాది తిరక్కుండా పోయేడు. బావ అక్కడే ఎవరో అమ్మాయిని చేసుకున్నాడని ఆ తర్వాత తెలిసింది మాకు.

నన్ను అంబాజీపేట ఇచ్చేరు. కొబ్బరి కొట్లో గుమస్తా ఆయన. మంచోడమ్మా, నన్ను ఒక్కమాట పడనిచ్చేవోడు కాదు. ఆయన పోయేకే గదా నేను మీ ఇంటికొచ్చింది. బావ కోసం జన్మంతా ఏడ్చిందేమో మామ్మ అనుకుంటావేమో, అదేం లేదు. నాకు కోపం నా గురించి కాదు, నాన్న గురించి. మీ తాతకైతే కోపం కాదు, పగే. సూర్యం పేరెత్తితే కంచం ముందు నుంచి లేచిపోయేవోడు.

అయిదారేళ్ళయిందేమో, నువ్వప్పుడు హాస్టల్లో ఉన్నావు. సూర్యం బావ వొచ్చేసేడన్నారు. పెళ్ళాం పోయింది, పిల్లల్లేరు. పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది, మాట ముద్దముద్దగా వొస్తాది. తాటిపాకలో మేనల్లుడు శ్రీను దగ్గరుంటున్నాడని. ఓరోజు ఆ శ్రీను మనింటికొచ్చేడు. గుమ్మంలోనే నిలబడ్డాడు పాపం.

"మా మావయ్య పనిచేసిన జంబోని కోసేసి పాతసామాను కింద అమ్మేసేరంటండీ. ఆయన కళ్ళముందే కోసేరంట. దాన్ని చెక్కతో చేయించుకోవాలని ఒకటే గొడవండీ. పడవలు కట్టే చెయ్యి మీదేనంటన్నాడండీ," అన్నాడు.

మీ తాత మొహం అటు తిప్పుకున్నాడు. నేను కాఫీ ఇచ్చి పంపేసేను. రెండ్రోజులాగి నేనే అన్నాను, ఎల్లు అన్నయ్యా అని. ఎందుకన్నానంటే... నాన్న ఆఖరిసారి ఇష్టంగా చెప్పింది ఆ విమానం గురించే. అదెలా ఉంటదో నాకూ చూడాలనిపించింది. మీ తాత లేచి వాకిట్లోకెళ్ళొచ్చేడు. ఆనక, "నువ్వూ రావాలి. ఒక్కణ్ణే వాడి మొహం చూళ్ళేను," అన్నాడు.

అలా మొదలైంది. ఆటోలో ఎల్లేవోళ్ళం, నేను క్యారేజీ పట్టుకుని. బావ దగ్గర విమానం బొమ్మ గీసిన పెద్ద కాగితం ఉంది, మడతలమీద చిరిగిపోయి. దాన్ని గచ్చుమీద పరిచేవోడు. ఎడంచేత్తో చూపిస్తాడు, మాట రాకపోతే గచ్చుమీద కొడతాడు. మీ తాత, "అర్థవైందిలే," అంటాడు విసురుగా. మొహాలు చూసుకునేవోళ్ళు కాదు, ఇద్దరూ కాగితాన్నే చూసేవోళ్ళు. కానీ పనిలో తేడా రానిచ్చేవోడు కాదు మీ తాత. పడవకి పెట్టినట్టే లోపల పక్కటెముకల్లా చెక్కలు నిలబెట్టి, పైన పలచటి పలకలు వంచి బిగించేడు. "ఇది తిరగేసిన పడవేరా," అన్నాడోసారి, మర్చిపోయి. బావ నవ్వేడు, సగం మొహంతోనే. మీ తాత వెంటనే మూతి బిగించేసేడు. కిటికీలన్నీ ఎర్రగా కాల్చిన సూదితో పొడిచింది నేనే. మూపురంలో మేడగదికి మెట్లు కూడా పెట్టేడమ్మా లోపల, ఎవరికీ కనపడకపోయినా. బావ పెట్టమన్నాడు. మీ తాత పెట్టేడు.

ఎండాకాలం వొచ్చేసరికి ఒళ్ళూ రెక్కలూ తోకా అయ్యేయి. ఇంక చక్రాలు. జంబోకి పద్దెనిమిది చక్రాలు తెలుసా? ముందు రెండు, మిగతావన్నీ పొట్టకింద గుంపుగా. మీ తాత ఆ పొట్టకింద చక్రాలు ఎలా ఉంటాయో చెప్పమన్నాడు. బావ కాగితం మీద వేలు పెట్టేడు. పెట్టి, తియ్యలేదు. నీళ్ళియ్యనా బావా అన్నాను. తల అడ్డంగా ఊపేడు.

"మావయ్య... వచ్చేడు. గేటుకి," అన్నాడు. మావయ్యంటే మా నాన్నే.

మీ తాత చేతిలో ఉలి ఆగిపోయింది.

"లేనని చెప్పించేను. ఇక్కడ... ఈ చక్రాల చాటున నిలబడ్డాను. పొద్దుటినుంచి ఎండలో... సాయంత్రం దాకా ఉన్నాడు. నేను... చూస్తానే ఉన్నాను."

ఆ నాలుగు మాటలు చెప్పడానికి ఎంతసేపు పట్టిందో. మీ తాత ఉలి కింద పెట్టేడు. తువ్వాలు దులిపి భుజాన వేసుకుని బయటికి నడిచేడు. ఇంటికొచ్చేక నాన్న ఫొటో ముందు కూర్చున్నాడు. "ఇంక ఆ గుమ్మం తొక్కను," అన్నాడు.

తొక్కలేదు కూడా. వానలు పడ్డాయి. శ్రీను ఫోను చేసి, మావయ్య సరిగా తినట్లేదండీ, విమానం పక్కనే మంచం వేయించుకున్నాడండీ అన్నాడు. నాకేమో కళ్ళు మూసుకుంటే అదే, చక్రాలు లేకుండా పొట్ట నేలకి ఆనించి పడున్నట్టు. ఓరోజు మీ తాతకి చెప్పకుండా ఎల్లిపోయేను. బావ నన్ను చూసి లేవబోయేడు.

"నిన్ను క్షమించేనని చెప్పడానికి రాలేదు బావా. అది నా చేతిలో లేదు, నాన్న చేతిలో ఉండేది. పని సగంలో ఉండిపోయింది, చూళ్ళేక వచ్చేను," అన్నాను.

కూర్చుని, తుమ్మచెక్క ముక్కలు తీసుకుని గరుక్కాగితంతో రుద్దడం మొదలెట్టేను. నాకేం వొచ్చు? ఒకటి కోడిగుడ్డులా వొచ్చింది, ఒకటి గారెలా వొచ్చింది. అలా కొన్నాళ్ళు ఎల్లేను. ఓరోజు తలెత్తితే గుమ్మంలో మీ తాత. ఎప్పుడొచ్చేడో తెలీదు. నా చేతిలో చక్రం తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసేడు.

"ఈ చక్రాలమీద ఎడ్లబండి కూడా నడవదే," అన్నాడు. ఉలి అందుకున్నాడు.

అంతే. ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. దసరా ఎల్లేక రంగులేసేం. పడవలకేసే తెల్లరంగే. ఆఖరున చక్రాలమీద నిలబెట్టి, దాన్ని గది మధ్యలో గచ్చుమీద పెట్టేడు మీ తాత. ముగ్గురం అలా చూస్తా కూర్చున్నాం. నాన్న చూసింది ఇదా అనుకున్నాను. నీకెలా చెప్పను... అందంగా ఉందమ్మా. కోపం రావాలి గదా దాన్ని చూస్తే, రాలేదు.

అప్పుడు బావ అగ్గిపెట్టె అడిగేడు. బీడీ కాల్చుకుంటాడేమో అనుకున్నాను. ఓ పుల్ల తీసి, పళ్ళతో అడుగున కాస్త కొరికి పొట్టి చేసేడు. ఎడంచేత్తో కిందా మీదా పడి, కొవ్వొత్తి మైనం అంటించి, పొట్టకింద చక్రాల వెనకాల నిలబెట్టేడు. ఆ విమానం లెక్కకి మనిషి అంతుంటాడన్నమాట. అదెవరో మాకు తెలీదా ఏంటి.

"గేటెక్కడ బావా?" అన్నాను.

గుమ్మం వైపు చూపించేడు.

ఎల్లి గుమ్మంలో నిలబడ్డాను. నాన్న నిలబడ్డట్టే. వెనక వీధిలో ఎవరో కొబ్బరికాయలు ఒలుస్తున్నారు, ఆ చప్పుడొకటే. బావ నా మొహంకేసే చూస్తన్నాడు. మీ తాత గోడకేసి చూస్తన్నాడు.

"ఇక్కణ్ణించేం కనపడదు బావా," అన్నాను. "చక్రాలే కనపడతన్నాయి. నాన్న నిన్ను చూళ్ళేదు."

బావ తల వొంచేసుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి. మీ తాత లేచెళ్ళి, ఇన్నేళ్ళకి, బావ వీపుమీద చెయ్యేసేడు. వేసి అలాగే ఉంచేడు.

ఆ చలికాలంలోనే పోయేడు బావ. దినాలయ్యేక శ్రీను దీన్ని వ్యానులో తెచ్చి ఇచ్చేడు. తర్వాత మీ తాతా పోయేడు. ఆయన ఉన్నన్నాళ్ళూ ఆ గుమ్మంలో ఏం జరిగిందో నన్ను అడగలేదు, నేనూ చెప్పలేదు. నీకు చెప్తున్నాను.

కనపడిందమ్మా. స్పష్టంగా కనపడింది. పుల్లే కాదు, పుల్ల నెత్తిన ఎర్రమందు కూడా కనపడింది నాకు, ఈ కళ్ళతో, ఆ వయసులో. నాన్న కళ్ళు నాకన్నా మంచివి. చూసే ఉంటాడు. చూసి, సాయంత్రం దాకా నిలబడి, ఇంటికొచ్చి "కనపళ్ళేదు" అన్నాడు. మా కోసం అన్నాడో, వాడి కోసం అన్నాడో...

ఏంటే, ఏడుస్తున్నావా? ఊరుకో. ఇలా రా. నువ్వెవరి కోసవూ అలా గేటు కాడ నిలబడే రోజు రాకూడదు నా తల్లీ. నీ కోసం ఎవరూ నిలబడకూడదు. చల్లగా ఉండు... ఆ ఫోను ఇంక ఆపెయ్యమ్మా.