కాలరు గుండీ

ఆసుపత్రి గది. మంచం మీద దర్జీ, పక్కన స్టూలు మీద ఆయన భార్య. రేపు పొద్దున్నే ఆపరేషను. ఒప్పుకోలు కాగితం మీద ఆయన సంతకం ఇంకా పెట్టలేదు.

"మళ్ళీ చెప్పు, డాక్టరు ఏమన్నాడు?"

"ఎన్నిసార్లు చెప్పాలి? క్యాన్సర్ మీ చెవులకి కూడా పాకిందా?"

"చెవులకి కాదు, రక్తనాళంలోకి అన్నాడు."

"వినబడిందిగా మరి. థైరాయిడ్ గడ్డ మెడలో ఉన్న పెద్ద రక్తనాళంలోకి దూరింది. దాని వెంటే ఛాతీలోకి దిగింది. ఇంకాస్త దిగితే గుండెలోనే కాపురం పెడుతుందట."

"పోనీలే. ఇన్నాళ్ళూ అక్కడ నువ్వొక్కదానివే ఉన్నావు."

"సరసానికేం తక్కువ లేదు. మెడా, ఛాతీ తెరిచి, ఆ రక్తనాళం కోసి గడ్డ బయటికి తీస్తారు. పాడైన చోట అతుకు వేస్తారు."

"అతుకా? ఏ గుడ్డతో?"

"అడగలేదు. మీ కొట్లో మిగిలిన లైనింగు పంపమంటారా?"

"కుట్టు ఊడితే?"

"దుప్పటి కప్పుకోండి, చలిగా ఉంది."

"కుట్టు ఊడితే, అని అడుగుతున్నా."

"ఊడొచ్చు. రక్తం పోవచ్చు. గొంతు పోవచ్చు. ఆయన ఏదీ దాచలేదు. చేయించుకోకపోతే ఆ నాళం మూసుకుపోయి, మొహం ఉబ్బిపోయి, ఊపిరాడక... అదీ దాచలేదు."

"ఇంటికి పోదాం."

"పదండి. కొట్టు తెరుద్దురుగాని. అందరి మెడలూ కొలుద్దురుగాని. మీ మెడ పెరుగుతుంటే మాత్రం ఏం చేశారు?"

"గుండీ జరిపాను."

"తర్వాత?"

"ఇంకాస్త జరిపాను. నువ్వేమన్నావు? ఒళ్ళు చేశారు, అంతా నా వంట మహిమ అన్నావు."

"అన్నాను. నా వంటని మెచ్చుకున్నవాళ్ళు ఎవరున్నారు? మీ మెడైనా మెచ్చుకుందని మురిసిపోయాను."

"భయంగా ఉందే."

"నాకు మాత్రం పండగలా ఉందా?"

"ఆ సంచీలో ఏముంది?"

"మీ తెల్ల చొక్కా. ఇంటికెళ్ళే రోజుకని."

"ఇటివ్వు. ఈ కాలరు గుండీ ఎవరు కుట్టారు? ఇంత వంకరగా?"

"నేనే."

"సూదిలో దారం ఎక్కించడం కూడా రాదు నీకు. పైగా పాత చోటే కుట్టావు. ఇది నా మెడకెలా పడుతుంది?"

"రేపటి తర్వాత పడుతుంది."

"రేపటి తర్వాతా?"

"ఏమిటలా చూస్తారు?"

"పెన్నివ్వు. ఈ వంకర గుండీ వేసుకుని నలుగురిలో తిరగలేను. వచ్చాక నేనే విప్పి కుట్టుకుంటాను. అందాకా దాన్ని ముట్టుకోకు."